రెండున్నర బస్తాలు, రెండు బెత్తెలు: డోమినార్‌ని మట్టిదారి ఎక్కించడం

మా మిల్లులో ధాన్యం బస్తా 75 కిలోలు. నా మోటారు సైకిలు బజాజ్ డోమినార్ 400, దాని బరువు 187 కిలోలు. అంటే రెండున్నర బస్తాలు. బండి కడుపుకీ నేలకీ మధ్య ఉన్న జాగా 157 మిల్లీమీటర్లు. చేత్తో కొలిస్తే రెండు బెత్తెలు. తారు రోడ్డు మీద ఈ రెండు అంకెలూ ఎవరికీ గుర్తు రావు. పైగా ఆ బరువే బండిని గాలికి ఊగకుండా ఉంచుతుంది, ఆ కిందుగా ఉన్న కడుపే ఘాట్ మలుపుల్లో ధైర్యం ఇస్తుంది. తారు ఆగిపోయిన దగ్గర్నుంచి మాత్రం మనం చేసే ప్రతి పనీ ఈ రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది. అందుకే వాటితో మొదలుపెట్టాను.

నేను రేసుల మనిషిని కాదు. రాజానగరం దగ్గర రైసు మిల్లులో లెక్కలు చూసుకుంటాను. 44 ఏళ్ళు, కాస్త నడుం నొప్పి. మట్టిలో తిరగడానికి ఇంకో బండి కొనే స్తోమత లేదు, ఉన్నా మా సందులో పెట్టే చోటు లేదు. ఉన్న టూరింగ్ బండితోనే మారేడుమిల్లి మీదుగా గుడిస కొండ ఎక్కుతాను, మన్యంలో చిన్న ఊళ్ళకు పోయే మట్టిదారులు తిరుగుతాను. ఇక్కడ చెప్పేది అలాంటి దారుల గురించే. జనం నడిచే, జీపులు తిరిగే కచ్చా దారి. అడవిలో దారి లేనిచోట చక్రం పెట్టడం గురించి కాదు. రిజర్వ్ ఫారెస్టులో అది నేరం కూడా.

మొదట దారి కాదు, చెరువు. వేసవిలో మా ఊరి చెరువు ఎండిపోతుంది. రెండు ఆదివారాలు పొద్దున్నే అక్కడికి పోయి ఒకటే పని చేశాను: ఫస్ట్ గేరులో, మనిషి నడిచే వేగంతో, క్లచ్ మీద రెండు వేళ్ళు ఉంచి, కాలు దించకుండా గుండ్రంగా తిరగడం. వినడానికి తేలిక. ఎడమవైపు బాగానే తిరిగాను, కుడివైపు నాలుగుసార్లు కాలు దించాను. తర్వాత వెనక బ్రేకు గట్టిగా తొక్కి, మట్టిలో వెనక చక్రం జారుతుంటే ఎలా ఉంటుందో చూశాను. నా బండిలో ఏబీఎస్ ఆపే స్విచ్ లేదు కాబట్టి చక్రం పూర్తిగా బిగుసుకోదు, టకటకా కొడుతూ వదిలేస్తుంటుంది. ఆ కొట్టుడు కాలికి ముందే తెలిసి ఉండాలి. కొండ దిగేటప్పుడు మొదటిసారి తెలిస్తే బ్రేకులు పోయాయని కంగారు పడతాం. కొంతమంది ఏబీఎస్ ఫ్యూజు పీకేసి వెళ్తారు. నేను పీకను. తిరిగి వచ్చేటప్పుడు తడిసిన ఘాట్ రోడ్డు మీద ఆ ఫ్యూజు లేదన్న సంగతి గుర్తుండదు.

ఇప్పుడు బరువు సంగతి. బండిని తేలిక చేయలేం, దాని మీద ఉన్నదాన్ని చేయగలం. మారేడుమిల్లిలో రూము తీసుకుని సైడ్ బ్యాగులు, టాప్ బాక్సు అక్కడ పడేయండి. ముఖ్యంగా టాప్ బాక్సు. అంత ఎత్తున, అంత వెనక ఉన్న అయిదు కిలోలు గుంతల్లో ముందు చక్రాన్ని తేలిపోయేలా చేస్తాయి. వెనక మనిషిని కూర్చోబెట్టుకోవద్దు. మా బావ వస్తానంటే "నీ బండి మీద రా బావా" అన్నాను, వారం రోజులు మాట్లాడలేదు. నీళ్ళు, పంక్చర్ కిట్, కాలి పంపు, ఒక తాడు, స్పేర్ క్లచ్ లీవరు, స్పానర్లు చాలు. బరువైనవి వీపు బ్యాగులో కాకుండా సీటు మీద తాడుతో కట్టుకుంటే పడినప్పుడు వెన్నులో గుచ్చుకోవు.

కడుపు సంగతి ఇంకా ముఖ్యం. డోమినార్‌కి సైలెన్సర్ పైపు ఇంజన్ కిందుగా పోతుంది, ముందు రేడియేటర్ ఉంటుంది. ఈ రెండిట్లో ఏది రాయికి తగిలినా ఆ రోజు బండిని ఆటోలో ఎక్కించాల్సిందే. వెల్డింగ్ షాపులో ఇంజన్ కింద రేకు కట్టించుకోండి. చెప్పేటప్పుడు మూడు మాటలు చెప్పండి. రేకు ఇంజన్‌కి ఆనకూడదు, వేలు దూరే సందు ఉండాలి, లేదంటే రాయి దెబ్బ నేరుగా ఇంజన్‌కే తగులుతుంది. ఆయిల్ దింపే బోల్టు దగ్గర కన్నం వదలాలి. ముందు అంచు పైకి వంగి ఉండాలి, పడవ ముక్కులాగా. నిటారుగా కోసిన అంచు రాయిని దాటదు, పట్టుకుంటుంది. నాది మొదట అలాగే కోశారు, మళ్ళీ వంచి తెచ్చుకున్నాను. రేడియేటర్ ముందు జాలీ కూడా పెట్టించండి.

బ్రేకు, క్లచ్ లీవర్లను హ్యాండిల్‌కి పట్టి ఉంచే బోల్టులు కొంచెం వదులు చేసుకోండి. చేత్తో గట్టిగా తోస్తే తిరగాలి, మామూలుగా కదలకూడదు. బండి పడితే లీవరు విరగకుండా పక్కకు తిరుగుతుంది. అద్దాలు లోపలికి తిప్పేయండి. చెయిన్ వదులు కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఉందో లేదో చూసుకోండి. బిగుతుగా ఉన్న చెయిన్ గుంతల్లో స్ప్రాకెట్లనీ బేరింగునీ తినేస్తుంది.

టైర్ల గాలి దగ్గర నేను ఒక రిమ్ము పోగొట్టుకున్నాను. గాలి తగ్గిస్తే టైరు రాళ్ళ మీద కాస్త పరుచుకుని పట్టు ఇస్తుందని విని, మొదటి ట్రిప్పులో రెండింటికీ 18 పీఎస్ఐ పెట్టాను. గాలి తక్కువైన టైరు రాయి మీద నొక్కుకుపోయి దెబ్బ నేరుగా అల్లాయ్ రిమ్ముకి తగిలింది. అంచు వంగి గాలి బుస్సుమని పోయింది. ట్యూబ్‌లెస్ టైరుకి పంక్చర్ అయితే స్ట్రిప్ దూర్చొచ్చు, రిమ్ము వంగితే స్ట్రిప్ ఎక్కడ దూర్చాలి? ఇప్పుడు ముందు 24, వెనక 26 కంటే దించను. ఆ కొద్ది తేడాకే కంకర మీద ముందు చక్రం జారుడు బాగా తగ్గింది. టైర్లు కూడా బండితో వచ్చిన రోడ్డు టైర్లే. గాళ్ళు అరిగిపోతే మాత్రం వెళ్ళను.

కూర్చోవడం, నిలబడటం గురించి అందరూ చెప్తారు: ఫుట్‌రెస్టుల మీద నిలబడు అని. నిజమే, నిలబడితే బండి కింద ఎగురుతుంటుంది, మనం పైన ఒక్కచోటే ఉంటాం. కానీ టూరింగ్ బండి హ్యాండిల్ నిలబడేవాడి కోసం పెట్టింది కాదు. పూర్తిగా నిలబడితే నేను వంగిపోయి, బరువంతా అరచేతుల మీద పడుతుంది, పది నిమిషాల్లో నడుం పట్టేస్తుంది. నాకు కుదిరిన పద్ధతి వేరు. భోజనాల పీట మీద నుంచి లేవబోతుంటే "ఇంకొంచెం పప్పు" అని ఎవరో ఆపినట్టు ఉండాలి. పిర్ర సీటుకి అంగుళం పైన, మోకాళ్ళు ట్యాంకుని నొక్కి పట్టుకుని, మోచేతులు బయటికి. రాళ్ళున్న చోట మాత్రం కాసేపు పూర్తిగా నిలబడతాను. బండిని పట్టుకునేది మోకాళ్ళు, చేతులు కాదు. హ్యాండిల్ అటూఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. దాన్ని బిగించి పట్టుకున్నారంటే ఆ ఊపు మీ భుజాల్లోకి వచ్చి, అక్కడి నుంచి బండి మొత్తానికి పాకుతుంది.

ఇక నేలలు. ఒక్కో మట్టికి ఒక్కో లెక్క.

కంకర అన్నిటికంటే ఎక్కువ ఎదురవుతుంది. రాజమండ్రి నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ హైవే పనులు జరిగినప్పుడు నాకు మంచి పాఠశాల అదే అయింది. తారు మీద 60లో పోతుంటే ఉన్నట్టుండి పక్కదారి, దాని మీద వదులు కంకర. కంకర కనిపించకముందే, ఇంకా తారు మీద ఉండగానే బ్రేకు పని పూర్తిచేసి గేరు దించేయాలి. దిగాక ముందు బ్రేకు మర్చిపోండి, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టుకుని పోనివ్వండి. మలుపులో బండిని వంచి మనం నిటారుగా ఉండాలి, తారు మీద చేసేదానికి పూర్తిగా తిరగేసి.

ఎర్రమట్టి పొడిగా ఉంటే పెళ్ళిపందిరి కింద పరిచిన తివాచీ, తడిస్తే సబ్బు. మబ్బు పట్టిందంటే ఎక్కడం ఆపేయండి, ఎందుకంటే ఎక్కిన దారే దిగాలి.

నల్లరేగడి తడిగా ఉంటే అసలు వద్దు. మా అత్తగారి ఊళ్ళో పొలం దారిలో వాన వెలిసిన మర్నాడు యాభై గజాలు పోయానో లేదో, మట్టి టైరుకి అంటుకుంటూ, దాని మీద మళ్ళీ అంటుకుంటూ మడ్‌గార్డు సందంతా నిండిపోయి ముందు చక్రం తిరగడం మానేసింది. టూరింగ్ బండ్లకి ముందు మడ్‌గార్డు టైరుని ఆనుకుని ఉంటుంది, మట్టి బండ్లకిలాగా ఎత్తున ఉండదు. కొబ్బరి మట్ట చీల్చి పుల్ల చేసి పొడుచుకుంటూ కూర్చున్నాను. మామగారు గట్టు మీద నిలబడి ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ.

గోదావరి ఇసుక తిన్నెల మీద ఒకసారి ప్రయత్నించాను. ఇసుకలో వెనక్కి జరిగి ముందు చక్రాన్ని తేలిక చేసి, వేగం తగ్గకుండా లాగించాలి. తగ్గిస్తే ముక్కు కూరుకుపోతుంది. రెండున్నర బస్తాలతో ఆ సాహసం నా వల్ల కాలేదు. వెనక చక్రం గొయ్యి తవ్వడం మొదలుపెట్టగానే యాక్సిలరేటర్ ఆపేయండి. ఇంకా తిప్పితే ఇరుసు దాకా దిగిపోతుంది. బండి దిగి, ఫస్ట్ గేరులో పక్కన నడుస్తూ తోసుకుంటే బయటికి వస్తుంది.

వాగు దగ్గర ముందు మనిషి దాటాలి, తర్వాత బండి. షూలు తడుస్తాయని బద్ధకించొద్దు. మీరు పోబోయే గీత మీదే నడిచి, కాలికి తగిలే రాళ్ళు గుర్తు పెట్టుకోండి. నీళ్ళు చక్రం ఇరుసుకి పైగా ఉంటే నేను వెనక్కి తిరుగుతాను. నీళ్ళు తక్కువే అయినా ప్రవాహం పిక్కల్ని తోస్తుంటే కూడా అంతే. గుండ్రాళ్ళ మీద పాచి ఉంటుంది కాబట్టి ఫస్ట్ గేరు, ఒకే వేగం, చూపు అవతలి ఒడ్డు మీద. నీళ్ళ వైపు చూస్తే తల తిరిగి ప్రవాహంతో పాటు కిందికి పోతాం. ఒకవేళ లోతులో పడిపోయి ఇంజన్ మునిగితే సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్‌లోకి నీళ్ళు పోయి ఉంటే అవి అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకి తోసి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూసి, అది తడిసి ఉంటే ప్లగ్గులు తీశాకే ఇంజన్ తిప్పాలి. వాగు దాటాక బ్రేకులు కాసేపు మెల్లగా నొక్కి పట్టి నడిపి ఆరబెట్టుకోండి.

అసలు పరీక్ష జీపు దారి. గుడిసకి పుల్లంగి మీదుగా పోయే దారి పరిస్థితి ఏటా మారుతుంది, కాబట్టి మారేడుమిల్లిలో జీపు డ్రైవర్లనే అడగండి, చెక్‌పోస్టులో అనుమతి సంగతీ అడగండి. జీపు దారి అంటే రెండు చక్రాల గాళ్ళు, మధ్యలో మిట్ట. మన చక్రం సహజంగా గాడిలోకే పోతుంది, నున్నగా కనిపిస్తుంది కాబట్టి. గాడి మరీ లోతుగా ఉందంటే ఫుట్‌రెస్టులు రెండు గట్లకీ తగులుతాయి, బయటికి రావడం కష్టం. అందుకే నేను మధ్య మిట్ట మీదే పోతాను. అక్కడ గడ్డి ఉంటుంది, రాళ్ళుంటాయి, కానీ బండి కడుపు కింద ఏముందో కనబడుతుంది. ఒక గీత ఎంచుకున్నాక మధ్యలో మనసు మార్చుకోవద్దు. గాడి అంచుని ఏటవాలుగా దాటబోతే ముందు చక్రం అంచు వెంటే జారుతుంది.

ఎక్కేటప్పుడు డోమినార్‌కి ఒక పేచీ ఉంది. ఇంజన్ నిమిషానికి 3000 తిప్పుల లోపు కుదుపులతో కొట్టుకుంటుంది, ఫస్ట్ గేరేమో పొడుగు. మెల్లగా పోదామంటే ఇంజన్ ఆగబోతుంది, ఆగకుండా ఉంచుదామంటే వేగం ఎక్కువైపోతుంది. చేసేది ఏమిటంటే 4000 దగ్గర ఉంచి హాఫ్ క్లచ్ కొంచెంగా వాడటం. వాడి, చదును రాగానే పూర్తిగా వదిలేయడం. క్లచ్ మాడిన వాసన వచ్చిందా, పావుగంట ఆగండి. అలా ఆగినప్పుడు రేడియేటర్ ఫ్యాను తిరుగుతుంటే తిరగనివ్వండి. జాలీలో బురద పేరుకుంటే నీళ్ళు పోసి కడగండి, పుల్లతో గీకితే రేడియేటర్ రెక్కలు వంగిపోతాయి.

ఇంత జాగ్రత్తగా ఎక్కుతుంటే ఒక కొండరెడ్డి కుర్రాడు స్ప్లెండర్ మీద, వెనక ఒక మనిషి, మధ్యలో ఒక మూట, కాళ్ళకి హవాయి చెప్పులతో నన్ను దాటిపోయాడు. స్ప్లెండర్ 112 కిలోలు. నా బండిలో 40 గుర్రాలున్నాయని ఆ కొండకి ఎవరూ చెప్పలేదు. అతను పోయిన గీతనే పట్టుకుని మిగతా ఎత్తు ఎక్కేశాను. దారి తెలిసినవాడు ముందు పోతుంటే అతని చక్రం ఎక్కడ పడుతుందో చూడటం కంటే మంచి చదువు లేదు.

ఇప్పుడు పడటం. నడిపేటప్పుడు నేను పడింది తక్కువ, ఆగేటప్పుడు పడింది ఎక్కువ. ఏటవాలు దారిలో ఫొటో కోసం ఆగి, లోయ వైపు కాలు దించితే అక్కడ నేల లేదు. రెండున్నర బస్తాలు ఒకసారి వాలితే ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపబోతే మోకాలు పోతుంది. వదిలేసి పక్కకు దూకండి. ఆగాలంటే ముందే చోటు ఎంచుకుని, ఎప్పుడూ ఎత్తుగా ఉన్న వైపు కాలే దించండి.

లేపడం మా మిల్లు కళాసీల దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళు బస్తాని నడుముతో లేపరు, తొడలతో లేపుతారు. ముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపేసే మీట), తర్వాత కీ ఆపండి. బండి కుడివైపు పడితే ఎడమవైపు ఉన్న సైడ్ స్టాండు అప్పుడే బయటికి లాగేయండి, గేరులో వేయండి, లేదంటే లేచిన బండి అవతలికి పడుతుంది, లేదా వెనక్కి దొర్లుతుంది. ఎడమవైపు పడితే గేరు, స్టాండు కిందే ఉంటాయి, లేపాక కాలితో వెతుక్కోవాలి. ముందు బ్రేకు లీవరుకి రబ్బరు బ్యాండు వేసుకుంటే దొర్లదు. హ్యాండిల్‌ని నేల వైపు పూర్తిగా తిప్పి, బండికి వీపు పెట్టి కూర్చుని, పిర్రలు సీటు అంచుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైలు పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. నడుం వంచొద్దు. లేచాక స్టార్ట్ కాకపోతే భయపడొద్దు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి పడితే ఇంజన్ ఆపేసే సెన్సార్ ఉంటుంది, కీ ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే సరిపోతుంది. వాలు మీద పడితే ముందు బండి చక్రాలు పల్లం వైపు వచ్చేలా నేల మీదే తిప్పుకుని, అప్పుడు లేపండి. తాడు అందుకే. కాళ్ళకి చీలమండ కప్పే గట్టి బూట్లు, మోకాళ్ళకి గార్డులు తప్పనిసరి. నేను మొదట పొలం గమ్‌బూట్లతో వెళ్ళాను, నీళ్ళు రాలేదు గానీ చీలమండ బెణికింది.

గుడిసకి జనం తెల్లవారుజామున చీకట్లో జీపుల్లో పోతారు, సూర్యోదయం కోసం. బండి మీద ఆ పని చేయొద్దు. హెడ్‌లైటు వెలుతురులో గుంతలన్నీ ఒకే లోతుగా కనిపిస్తాయి, పైగా ఎనిమిదింటికి జీపులన్నీ ఒకేసారి దిగుతాయి. అవి దిగిపోయాక మొదలుపెడితే దారి మీదే. పైకి చేరాక గడ్డి మీద బండి నడపకండి. చక్రం చేసిన చార వచ్చే వానలకి కాలువ అయిపోతుంది.

దిగడానికి ఫస్ట్ గేరు, క్లచ్ పూర్తిగా వదిలేసి ఇంజన్‌తోనే ఆపుకుంటూ రావాలి. వెనక బ్రేకు కొద్దిగా, ముందు బ్రేకు చక్రం సూటిగా ఉన్నప్పుడు ఒక్క వేలితో. క్లచ్ నొక్కారంటే బండి ఖాళీగా దొర్లుతుంది, అంతే సంగతి. ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ సమయం పెట్టుకోండి. నాలుగింటికల్లా మారేడుమిల్లి చేరేలా చూసుకోండి, ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి.

తారు ఎక్కగానే అందరూ మర్చిపోయేది టైర్ల గాలి. 24తో ఘాట్ మలుపుల్లో 60 వేగంతో పోతే బండి నీళ్ళ మీద పడవలాగా తేలుతుంది. మారేడుమిల్లిలో బొంగు చికెన్ చెప్పేసి, లీవర్ల బోల్టులు బిగించి, రేకు కింద ఆయిల్ చెమ్మ ఉందేమో చూసి, కాలి పంపు బయటికి తీయండి. బొంగు నిప్పుల మీద కాలి దిగేలోపు రెండు టైర్లూ కొట్టుకోవడం అయిపోతుంది.